బహిరంగ లేఖ: డెల్టా సిపాయిల దస్త్రాలు మట్టిపాలు కాకముందే రికార్డు గదులు తెరవండి

రాష్ట్ర ఆర్కైవ్స్ శాఖ అధికారులకు, గోదావరి డెల్టా జిల్లాల కలెక్టర్లకు, జిల్లా సైనిక సంక్షేమ అధికారులకు, రెజిమెంట్ల రికార్డు ఆఫీసుల బాధ్యులకు,

నమస్కారం. మీ మీద ఎంత పని ఉందో తెలుసు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

నేను రిటైరైన బడిపంతుల్ని. డెల్టా ఊళ్ల నుంచి సైన్యంలో చేరినవాళ్ల వివరాలు కొన్నేళ్లుగా పోగుచేస్తున్నాను. ఎవరిది ఏ ఊరు, ఏ రెజిమెంటులో చేరారు, ఎక్కడ పనిచేశారు, తిరిగి వచ్చారా లేదా అన్నది రాసి పెడుతున్నాను. ఇందుకోసం పాత దస్త్రాలు చూడనివ్వమని దరఖాస్తులు పెట్టాను. ఒక ఆఫీసులో రసీదు ఇచ్చారు, జవాబు మాత్రం రాలేదు. ఇంకో ఆఫీసులో కాగితమే తీసుకోలేదు. సమాచార హక్కు చట్టం కింద అడిగితే "సదరు రికార్డు లభ్యం కాలేదు" అని ఒక్క ముక్క రాసి పంపారు. ఏ గదిలో వెతికారు, ఏ సంవత్సరం కట్టలు విప్పారు అన్నది అందులో లేదు. ఆ ఆఫీసుల పేర్లు ఇక్కడ రాయను. ఒక గుమాస్తాని ఇబ్బంది పెడితే ఈ సమస్య తీరదు. విడివిడిగా అడిగితే ఎవరూ వినలేదు కాబట్టి మీ అందరినీ కలిపి, అందరికీ తెలిసేలా అడుగుతున్నాను.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. డెల్టా సిపాయి చరిత్ర రెండు చోట్ల సగం సగం ఉంది. రెజిమెంటు దగ్గర నంబరు ఉంది, యుద్ధం ఉంది, తేదీ ఉంది. ఊరి దగ్గర ఇంటిపేరు, తండ్రి పేరు, పొలం, భార్య వేలిముద్ర ఉన్నాయి. ఈ రెండూ ఒకచోటికి వస్తేనే మనిషి దొరుకుతాడు. మొదటి సగం నీలగిరిలోని వెల్లింగ్టన్‌లోనో, బెంగళూరులోనో, ఢిల్లీలోనో భద్రంగానే ఉంది. రెండో సగం మన రికార్డు గదుల్లో నశించిపోతోంది.

ఇది మన ప్రాంతానికి సంబంధం లేని ముచ్చట అని ఎవరైనా అనుకుంటే ఒక్కసారి వెనక్కి చూడండి. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తి పొలాల్లో ఇంగ్లిషు కంపెనీ కర్నల్ ఫోర్డు సేన, విజయనగరం ఆనంద గజపతి బలగం కలిసి ఫ్రెంచివాళ్లను ఓడించాయి. ఆ తర్వాత నాలుగు నెలలకే మచిలీపట్నం కోట కూడా ఇంగ్లిషువాళ్ల చేతికి వచ్చింది. మద్రాసులో సిపాయి కంపెనీలను బెటాలియన్లుగా కూర్చడం మొదలైంది సరిగ్గా ఆ 1758లోనే. మద్రాస్ రెజిమెంటు తన పుట్టుకను ఆ ఏటి నుంచే లెక్కపెట్టుకుంటుంది. సామర్లకోటలో కంటోన్మెంటు ఉండేది. 1879లో రంప కొండల్లో తిరుగుబాటు లేస్తే అణచడానికి ఆరు మద్రాసు పదాతి రెజిమెంట్లు, రెండు కంపెనీల శాపర్లు (దారులు, వంతెనలు వేసే సిపాయిలు), ఒక గుర్రపు దళం, హైదరాబాదు నుంచి ఇంకొంత బలగం దిగాయి. అల్లూరి సీతారామరాజు మీదికి 1924లో అస్సాం రైఫిల్స్‌ని తెచ్చారు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ దొర మద్రాసు ఇంజనీర్ల దళం అధికారి, మొదటి బర్మా యుద్ధంలో పనిచేసి వచ్చినవాడు. తాడేపల్లిగూడెం పక్కన మాధవరాన్ని ఈనాటికీ మిలిటరీ మాధవరం అంటున్నామంటే ఎన్ని తరాలుగా ఆ ఊరి మగపిల్లలు ఫౌజుకి వెళ్తున్నారో ఆలోచించండి.

ఇంత ఉండి కూడా, మా తాతగారు ఏ పల్టన్‌లో పనిచేశారని ఒక మనవడు అడిగితే జిల్లాలో చెప్పగలిగే చోటు ఒక్కటీ లేదు. ఎందుకు కష్టమో కొంచెం విడమరచి చెప్పాలి. ఈ చిక్కు తెలియకే చాలామంది అధికారులు "రెజిమెంటుకి రాసుకోండి" అని పంపేస్తున్నారు.

రెజిమెంట్ల నంబర్లు నిలకడగా లేవు. 1903లో అప్పటి సర్వసేనాని కిచెనర్ సంస్కరణల్లో మద్రాసు పదాతి దళాల పాత నంబర్లకి అరవై కలిపారు. దాంతో 13వ మద్రాసు పదాతి దళం 73వ కర్నాటిక్ పదాతి దళమైంది. 1922లో దాన్నే 3వ మద్రాస్ రెజిమెంటు మొదటి బెటాలియన్ అన్నారు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందే ఆ రెజిమెంటును రద్దు చేశారు. యుద్ధంలో మనుషులు కావాల్సి వచ్చాక మళ్లీ నిలబెట్టారు. స్వాతంత్య్రం వచ్చిన చాన్నాళ్లకి ఆ మొదటి బెటాలియన్ మెకనైజ్డ్ ఇన్‌ఫంట్రీలో కలిసింది. ముత్తాత కాగితంలో 13 అని ఉంటే, తాత కాగితంలో 73 అని ఉంటే, కుటుంబం అవి రెండు వేర్వేరు దళాలనుకుంటుంది. రెజిమెంటు ఆఫీసుకి తప్పు నంబరుతో ఉత్తరం వెళ్తుంది. అక్కడి నుంచి "వివరాలు సరిపోలలేదు" అని తిరుగు జవాబు వస్తుంది.

జిల్లాలూ అంతే. 1859లో రాజమండ్రి, మచిలీపట్నం, గుంటూరు జిల్లాలను మార్చి గోదావరి జిల్లా చేశారు. 1904లో తణుకు, భీమవరం, నరసాపురం, ఏలూరు తాలూకాలను కృష్ణా జిల్లాలో కలిపారు. 1925లో వాటిని మళ్లీ విడదీసి పశ్చిమ గోదావరి అన్నారు, మిగిలిన గోదావరి తూర్పు గోదావరి అయింది. అంటే మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లిన భీమవరం మనిషి సైనిక కాగితాల్లో కృష్ణా జిల్లావాడు. ఈ సంగతి తెలియక ఏలూరులోనో కాకినాడలోనో ఎంత వెతికినా ఏమీ దొరకదు, మచిలీపట్నంలో వెతకాలి. ఆపైన 1984లో కరణం, మునసబు ఉద్యోగాలు రద్దయ్యాయి. ఊరి లెక్కలు కొన్ని తాలూకా ఆఫీసుకి చేరాయి, కొన్ని కరణంగారి అటక మీదే ఉండిపోయాయి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, కట్టలు మళ్లీ పంచుకున్నారు. 2022 ఏప్రిల్‌లో కాకినాడ, కోనసీమ, ఏలూరు కొత్త జిల్లాలుగా వచ్చాయి, లారీల్లో మళ్లీ దస్త్రాలు కదిలాయి. ఇలా చేతులు మారిన ప్రతిసారీ కొంత పోయింది. ఏం పోయిందో ఎవరూ రాసుకోలేదు.

వీటి మీద వరదలు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75 అడుగులు దాటింది. 1996 నవంబరు తుఫాను కోనసీమను ఊడ్చేసింది. నీళ్లు దిగాక మనుషుల్నీ పశువుల్నీ చూసుకున్నారు, అది న్యాయమే. కానీ తడిసిన కట్టలను ఆరబెట్టి విప్పినవాళ్లు ఎందరు? ఒక పాత ట్రెజరీ సైనిక పెన్షన్ రిజిస్టరును ఒక పెద్దమనసున్న ఉద్యోగి నాకు చూపించారు. అట్ట ఊడిపోయింది. పేజీలు మూడు నాలుగు కలిపి అట్టముక్కల్లా అతుక్కుపోయాయి. విడదీయగలిగిన ఒక పేజీలో వరసగా పేరు, తండ్రి పేరు, ఊరు, హోదా, రెజిమెంటు, రూపాయలు అణాల్లో నెల పెన్షన్, పక్కన నల్లటి వేలిముద్రలు ఉన్నాయి. ఒక వరసలో కొన్ని నెలల దాకా ఒకే బొటనవేలి ముద్ర ఉంది. తర్వాత ఎర్ర సిరాతో అడ్డగీత గీసి "చనిపోయెను" అని రాసి తేదీ వేశారు. ఆ కింది గడిలో చిన్న వేలిముద్ర, భార్యది. ఒక మనిషి చేసిన నౌకరీకి, చావుకి, కుటుంబానికి ఆ ఒక్క వరసలో సాక్ష్యం ఉంది. ఏ రెజిమెంటు చరిత్ర పుస్తకంలోనూ ఆ వరస దొరకదు. నేను ఫొటో తీసుకుంటానంటే ఆయన భయపడ్డారు. "పైవాళ్లకి తెలిస్తే టెన్షనండి మాస్టారూ, చూసి పెట్టేయండి" అన్నారు. ఆయన భయాన్ని నేను తప్పుపట్టను. చూపించమని గానీ చూపించవద్దని గానీ ఆయన చేతిలో ఒక ఉత్తర్వు లేదు, భయం అందుకే.

ఇప్పుడు ఈ నిర్లక్ష్యం వల్ల మామూలు జనానికి ఏం జరుగుతోందో చెబుతాను.

1. భూమి. ఇది అన్నిటికంటే పెద్దది. మాజీ సైనికులకు ప్రభుత్వం బంజరు, లంక భూములు అసైన్ చేసింది. పదేళ్లు దాటాక ఆ భూమిని అమ్ముకునే హక్కు వాళ్లకి ఉందని ప్రభుత్వ ఉత్తర్వులే చెబుతున్నాయి. కానీ ఆ భూములు చాలాచోట్ల 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో, ఉన్నాయి. కూతురి పెళ్లికో, గుండె ఆపరేషన్‌కో ఎకరం అమ్ముదామని రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్తే కంప్యూటర్‌లో నిషేధం అని చూపిస్తుంది. తహసీల్దారు ఆఫీసుకి వెళ్తే "మాజీ సైనికుడి కోటాలో ఇచ్చినట్టు అసైన్‌మెంట్ ఫైలు తెండి" అంటారు. ఆ ఫైలు తయారుచేసింది ప్రభుత్వం. దాచాల్సింది ప్రభుత్వం. పోగొట్టింది కూడా ప్రభుత్వమే. తెమ్మనేది మాత్రం సిపాయి విధవరాలిని. ఆవిడ దగ్గర ఉన్నది ఎనిమిది మడతల డిశ్చార్జి కాగితం ఒక్కటే. మడతల దగ్గర చిరిగి, సర్వీసు నంబరులో రెండు అంకెలు కనిపించవు. రెజిమెంటుకి రాస్తే పూర్తి నంబరు అడుగుతారు. పూర్తి నంబరు ఉన్నది మళ్లీ అదే పోయిన ఫైలులో. ఈ గుండ్రంలో తిరుగుతూ చనిపోయినవాళ్లు నాకు తెలుసు. వాళ్ల పిల్లలు ఇప్పుడు సగం ధరకి తెల్ల కాగితం మీద అమ్ముకుంటున్నారు.

2. వృద్ధుల సాయం. రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసి పెన్షన్ రానివాళ్లకి, వాళ్ల భార్యలకి సైనిక సంక్షేమ శాఖ ద్వారా రాష్ట్రం నెలనెలా సాయం ఇస్తోంది. మంచి పని, కృతజ్ఞతలు. కానీ భర్త నౌకరీకి రుజువు కావాలి. తొంభై దాటిన ఆ తల్లులు రుజువు కోసం ఇంకా ఎన్నేళ్లు ఆగగలరు? ఆ రోజుల్లో జిల్లా సోల్జర్స్ బోర్డులు నడిచాయి. ఇంటికి వచ్చే నెలసరి సొమ్ము గురించి, సెలవు గురించి, చావు కబురు గురించి వాటి ఉత్తర ప్రత్యుత్తరాలు ఉండాలి. అవి ఏ గదిలో ఉన్నాయో చెబితే చాలు, వెతికే ఓపిక మాకుంది.

3. పేదల చరిత్ర. దీని మీద నాకు బలమైన అభిప్రాయం ఉంది, దాచుకోను. పెద్ద కుటుంబాలు తమ కాగితాలు తామే దాచుకుంటాయి. జమీందారుల దస్తావేజులు గ్రంథాలయాల్లో ఉన్నాయి, పరిశోధనలు జరుగుతున్నాయి. మద్రాసు సైన్యంలో దళితులు ఎందరో పనిచేశారు. ముఖ్యంగా శాపర్లలో, దారి పనుల పయొనీర్లలో, సైన్యానికి కూలి పనులు చేసే లేబర్ కోర్‌లో. తర్వాత కొన్ని జాతులే యుద్ధానికి పనికొస్తాయనే "యుద్ధ జాతులు" సిద్ధాంతం పట్టుకుని అధికారులు దక్షిణాది భర్తీ తగ్గించేశారు, తరాలుగా ఉన్న కొలువు పోయింది. పూరిపాకలో, ఏటేటా మునిగే లంకలో కాగితం నిలవదు. వాళ్ల తాతలు ఈ దేశానికి ఏం చేశారన్నదానికి ఉన్న సాక్ష్యం సర్కారు రికార్డు గదిలోదే. అది చెదలు తింటే వాళ్ల చరిత్ర మొత్తం పోయినట్టే. బడి ప్రవేశ రిజిస్టర్లలో తండ్రి వృత్తి గడిలో "సిపాయి" అని రాసినవి చూశాను. మిషన్ చర్చిల బాప్తిస్మ, వివాహ రిజిస్టర్లలోనూ రాసేవారు. ఇవి కూడా రక్షించాల్సిన రికార్డులే.

4. పేరు. మొదటి యుద్ధం తర్వాత దేశంలో చాలా ఊళ్లలో పాలరాతి పలకలు పెట్టారు. ఈ ఊరి నుంచి ఇంతమంది వెళ్లారు, వారిలో ఇంతమంది ప్రాణాలిచ్చారు అని రెండు అంకెలు ఉంటాయి. పేర్లు ఉండవు. మెసొపొటేమియాలో (ఇప్పటి ఇరాక్) పోయినవాళ్ల కోసం కట్టిన బస్రా స్మారకం మీద బ్రిటిష్ సైనికుల పేర్లు, భారతీయ అధికారుల పేర్లు చెక్కారు. మామూలు సిపాయిలను మాత్రం "ఇంకా ఇన్ని వందల మంది" అని ఒక లెక్కలో చేర్చారు. కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ 2021 ఏప్రిల్‌లో తన తప్పు ఒప్పుకుంటూ నివేదిక ఇచ్చింది. కనీసం 1,16,000 మందిని పేరుతో స్మరించలేదని, లేదా అసలే స్మరించలేదని, ఆ సంఖ్య 3,50,000 దాకా ఉండవచ్చని చెప్పింది. వీళ్లలో ఎక్కువమంది ఆఫ్రికా, మధ్యప్రాచ్యాల్లో పోయినవాళ్లు. 1914 నవంబరులో తూర్పు ఆఫ్రికా టాంగాలో దిగిన దళాల్లో 61వ పయొనీర్లు, 63వ పాళయంకోట దళం ఉన్నాయి. రెండూ మద్రాసు దళాలే. కమిషన్ పేర్లు చేర్చడానికి సిద్ధంగా ఉంది. ఊరి పేరు, తండ్రి పేరుతో సహా రుజువు ఇవ్వగలిగింది స్థానిక దస్త్రాలే. మనం ఇవ్వకపోతే ఎవరిస్తారు?

5. పతకాలు. క్లుప్తంగా చెబుతాను. మొదటి యుద్ధపు బ్రిటిష్ వార్ మెడల్ అంచు మీద నంబరు, హోదా, పేరు, దళం చెక్కి ఉంటాయి. వెండిది అయితే సైనికుడిది, కంచుది అయితే చాలావరకు లేబర్ కోర్ మనిషిది. రెండో యుద్ధంలో భారతీయులకి ఇచ్చిన పతకాల మీదా పేర్లు ఉన్నాయి. అంటే కాగితం పోయిన ఇంట్లో మిగిలిన ఆఖరి ఆధారం ఆ అంచు. ఆ సంగతి చెప్పేవాళ్లు లేక వెండి పతకాలు తూకానికి వెళ్లి కరిగిపోతున్నాయి.

6. దళారులు. రికార్డు గది తలుపు మూసి ఉంటే పక్కనే ఒక మనిషి పుడతాడు. "నేను తీయిస్తానండి, ఖర్చవుతుంది" అంటాడు. దరఖాస్తుకి దొరకని కాగితం అతనికి ఎలా దొరుకుతుందో మీరే విచారించండి.

ఇదంతా జరిగే పనేనా అని మీకు సందేహం రావచ్చు. లాహోర్ మ్యూజియంలో పంజాబు నుంచి మొదటి యుద్ధానికి వెళ్లిన దాదాపు 3,20,000 మంది వివరాలు ఊరివారీగా రాసిన రిజిస్టర్లు దగ్గర దగ్గర వందేళ్లు ఎవరూ పట్టించుకోకుండా పడి ఉన్నాయి. వాటిని స్కాన్ చేసి 2021 నవంబరులో మొదటి విడత జనం ముందు పెట్టారు. మనవలు, మునిమనవలు తమ ఊరి పేరు కొట్టి తాతల్ని వెతుక్కుంటున్నారు. మద్రాసు ప్రెసిడెన్సీ ఊళ్లకి అలాంటి అవకాశం ఇంతవరకు లేదు. రెండో యుద్ధంలో పంజాబు తర్వాత ఎక్కువమందిని ఇచ్చింది మద్రాసు ప్రెసిడెన్సీయే. 1942 ఏప్రిల్ 6న జపాన్ బాంబులు పడ్డ ఊళ్లలో మన కాకినాడ ఉంది. రంగూన్‌కి కూలికి వెళ్లిన మన డెల్టావాళ్లు అదే ఏడాది అడవుల్లో నడిచి తిరిగొచ్చారు. అదే దారుల్లో మన పిల్లలే తర్వాత ఫౌజుగా వెళ్లారు. ఒకే ఇంట్లో తండ్రి బర్మా నుంచి పారిపోయి వస్తే కొడుకు బర్మాకి తుపాకీ పట్టుకుని వెళ్లిన కథలు ముసలివాళ్లు చెబుతారు. చెప్పేవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు.

చట్టం కూడా అడ్డు కాదు. సమాచార హక్కు చట్టం 8(3) ప్రకారం, కొన్ని మినహాయింపులు పోగా, ఇరవై ఏళ్లు దాటిన సంగతుల సమాచారం ఇవ్వాల్సిందే. రక్షణ శాఖ 2021 జూన్‌లో ప్రకటించిన విధానం ప్రకారం ఇరవై ఐదేళ్లు దాటిన యుద్ధ రికార్డులను నిపుణులు పరిశీలించి నేషనల్ ఆర్కైవ్స్‌కి ఇవ్వాలి. ఢిల్లీలో యుద్ధ ఫైళ్లకే గడువు పెట్టుకున్నప్పుడు, తాలూకా ట్రెజరీలో పడి ఉన్న వందేళ్ల నాటి పెన్షన్ రిజిస్టరులో రహస్యం ఏముంటుంది? 1993 నాటి పబ్లిక్ రికార్డ్స్ చట్టం కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకి సంబంధించింది, తాలూకా రికార్డు గదికి వర్తించదు. అందుకే రాష్ట్రమే పూనుకోవాలి.

పాత దస్త్రాలు తెరిస్తే భూతగాదాలు లేస్తాయని కొందరు అధికారులు నాతో నోటిమాటగా అన్నారు. ఆ భయాన్ని కొట్టిపారేయను. కానీ మేము అడిగేది 1950కి ముందటి పెన్షన్, భర్తీ, సోల్జర్స్ బోర్డు కాగితాలు. అసైన్‌మెంట్ ఫైలు ఎలాగూ ఆ కుటుంబానికి నకలుగా ఇవ్వాల్సిందే. ఉద్యోగి ఎదుట, రిజిస్టరులో సంతకం పెట్టి చూస్తాం. నిజానికి తగాదాలు పుడుతున్నది కాగితం కనబడక.

మా డిమాండ్లు ఇవి.

ఒకటి. డెల్టా జిల్లాల్లో 1950కి ముందటి సైనిక సంబంధ దస్త్రాలు ఏ ఆఫీసులో ఏవి ఉన్నాయో మూడు నెలల్లో జాబితా ప్రకటించాలి. కలెక్టరేట్, ఆర్డీవో, తహసీల్దారు, సబ్ ట్రెజరీ, సైనిక సంక్షేమ కార్యాలయం, మున్సిపాలిటీ అన్నీ ఇందులోకి రావాలి. పాత రెవెన్యూ లెక్కల్లో వాడే ఫసలీ సంవత్సరం పక్కన మామూలు సంవత్సరం కూడా వేయాలి. ఫసలీ 1330 అంటే 1920-21 అని ఈ కాలపు పిల్లలకి తెలియదు. లేనివి లేవని రాయండి, అదీ సమాచారమే.

రెండు. ఆ జాబితా వచ్చేదాకా పాత కట్టలు తగలబెట్టడం, తూకానికి వేయడం ఆపండి. పని ముగిసిన ఫైలు మీద ఆర్. డిస్ అని ముద్ర పడితే శాశ్వతం, డి. డిస్ అయితే పదేళ్లకి నాశనం అని నిబంధన. సిపాయి అర్జీ మీద ఏ ముద్ర వేయాలన్నది ఆనాటి గుమాస్తా ఇష్టాన్ని బట్టి జరిగింది. ఆ ముద్ర చూసి ఈనాడు చరిత్రను తగలబెట్టకండి. ఆర్కైవ్స్ శాఖ మనిషి చూసి సంతకం పెట్టాకే ఏదైనా చేయాలి.

మూడు. 2022లో జిల్లాలు విడిపోయినప్పుడు ఏ కట్ట ఎక్కడికి వెళ్లిందో అప్పగింత జాబితాలు బయటపెట్టండి. 1904 నుంచి 1925 దాకా పశ్చిమ డెల్టా కాగితాల కోసం కృష్ణా జిల్లా అధికారులతో కలిసి వెతకండి. చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్న గోదావరి జిల్లా దస్త్రాల నకళ్లు తెప్పించండి. రాజోలు నుంచి ఒక కూలి మనిషి చెన్నై వెళ్లి, ఇంగ్లిషులో అర్జీ రాసి, నాలుగు రోజులు లాడ్జిలో ఉండి వెతకలేడు.

నాలుగు. ప్రతి జిల్లా కేంద్రంలో వారానికి రెండు రోజులు రికార్డు చూసుకునే వీలు కల్పించండి. ఒక బల్ల, ఒక దీపం, ఒక ఉద్యోగి చాలు. సెల్‌ఫోనుతో ఫొటో తీసుకోనివ్వండి. ఆ మేరకు రాతపూర్వక ఉత్తర్వు ఇవ్వండి, అప్పుడే కింది ఉద్యోగికి భయం ఉండదు.

ఐదు. రెజిమెంట్ల రికార్డు ఆఫీసులకు ప్రత్యేక మనవి. మీ దగ్గరున్న 1950కి ముందటి పేర్ల పట్టికల్లో గోదావరి, కృష్ణా జిల్లాల ఊళ్లవి విడిగా తీసి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలకు పంపండి. పాత నంబరు, కొత్త నంబరు, ఇప్పటి బెటాలియన్ పేరు చూపే ఒక పేజీ పట్టిక తెలుగులో ఇవ్వండి. సర్వీసు నంబరు పూర్తిగా లేకపోయినా పేరు, తండ్రి పేరు, ఊరు ఇస్తే వెతికే పద్ధతి పెట్టండి.

ఆరు. 22ఏ కేసుల్లో ప్రభుత్వం తన అసైన్‌మెంట్ ఫైలు చూపించలేకపోతే ఆ భారం కుటుంబం మీద వేయకూడదు. డిశ్చార్జి పుస్తకం, పెన్షన్ రిజిస్టరు, పతకం అంచు మీది పేరు, పాత అడంగల్ నమోదు వీటిని రుజువుగా తీసుకుని గడువులోగా తేల్చాలి. మిగతావి ఆలస్యమైనా కొన్నాళ్లు ఓర్చుకుంటాం, ఇది మాత్రం వెంటనే కావాలి.

ఏడు. మాజీ కరణాల ఇళ్లలో, బళ్లలో, చర్చిల్లో ఉన్న రిజిస్టర్లను వాళ్ల ఊళ్లోనే స్కాన్ చేసి తిరిగి ఇచ్చేయండి. పట్టుకుపోతారన్న భయంతోనే చాలామంది బయటపెట్టడం లేదు. 1922లో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పుట్టిన రాజమండ్రిలో, గౌతమీ గ్రంథాలయం ఉన్న రాజమండ్రిలో ఈ పనికి చోటు, మనుషులు దొరక్కపోరు. పాత రాత చదవగల రిటైర్డ్ రెవెన్యూ ఉద్యోగులు, ఉపాధ్యాయులు, మాజీ సైనికులు జీతం లేకుండా కూర్చుని పేర్లు ఎక్కించడానికి సిద్ధంగా ఉన్నారు. మాకు అనుమతి కాగితం కావాలి, అంతే.

ఈ లేఖ ప్రతులు పోస్టులో విడివిడిగా కూడా పంపుతున్నాను. ప్రతి డిమాండుకీ ఔననో కాదనో, కాదంటే ఏ నిబంధన కింద కాదో, ముప్పై రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. ఆ లోగా ఏ ఆఫీసు పిలిచినా, పోగుచేసిన కుటుంబాల వివరాలు, వాళ్ల అనుమతి తీసుకుని, పట్టుకొస్తాను. 22ఏ జాబితాలో ఇరుక్కున్న వృద్ధులవి అన్నిటికంటే ముందు చూడండి.

ఇట్లు,
డెల్టా సైనిక కుటుంబాల తరఫున
ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు